ఉద్యోగానికీ వాకబు కావాలి

“నమస్తే సర్, నేను ఎం.ఫార్మసీ పూర్తి చేశాను. రెజ్యూమే జతచేశాను. మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.” హైదరాబాద్‌లో ఏ మందుల కంపెనీలోనైనా నాలుగైదేళ్లుగా పనిచేస్తున్నవాళ్ల లింక్డ్‌ఇన్ తెరిచి చూస్తే ఇలాంటి మెసేజ్‌లు వరసగా కనిపిస్తాయి. పేరు మారుతుంది, కాలేజీ మారుతుంది, మిగతాదంతా మక్కీకి మక్కీ. చాలావాటికి జవాబు ఉండదు. పంపినవాళ్లేమో ‘ఉద్యోగం వచ్చాక ఎవరూ పట్టించుకోరు’ అనుకుంటారు. చదివినవాళ్ల ఇబ్బంది వేరు. ఆ మెసేజ్‌లో ఉన్న ప్రశ్న ఒక్కటే: ఉద్యోగం ఉందా, లేదా? దానికి జవాబు హెచ్‌ఆర్ దగ్గర ఉండొచ్చు కానీ ల్యాబ్‌లో పనిచేసే ఎనలిస్టు దగ్గర ఉండదు. ‘లేదు’ అని రాయడానికి మనసొప్పదు. ‘చూస్తాను’ అంటే వారం తిరక్కుండా మళ్లీ అడుగుతారు. అందుకని ఊరుకుంటారు.

అదే ఎనలిస్టుని ‘మీ పని రోజూ ఎలా ఉంటుందో ఒక పావుగంట చెప్పగలరా’ అని అడిగితే సంగతి మారుతుంది. ఈ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గర ఉంది. ఇంకొకరిని అడగక్కర్లేదు, మేనేజర్‌కి చెప్పక్కర్లేదు, మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోతానేమో అన్న బెరుకు లేదు. పైగా తన పని గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే చెప్పాలని చాలామందికి ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఎలాగూ అడగరు.

ఇలా ఉద్యోగం అడగకుండా, పని గురించి తెలుసుకోవడానికే ఒకరిని కలవడాన్ని అమెరికాలో ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ అంటారు. దీన్ని జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది రిచర్డ్ బోల్స్ గురించి. ఆయన చర్చిలో మతాచార్యుడు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఖర్చులు తగ్గించుకునే క్రమంలో ఆయన ఉద్యోగమే పోయింది. తనలాగే రోడ్డున పడుతున్న తోటివాళ్ల కోసం 1970లో ఒక చిన్న గైడ్ సొంతంగా అచ్చువేసి పంచారు. అదే తర్వాత కోటి కాపీలు దాటిన పుస్తకమైంది. ప్రకటనలు చూసి దరఖాస్తులు పెడుతూ కూర్చోకుండా, ముందు ఆ పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి ఆ పని ఏమిటో కనుక్కోండి అన్నది అందులోని ముఖ్యమైన సలహాల్లో ఒకటి.

తెలుగులో ఈ పద్ధతికి ఇంకా పేరు స్థిరపడలేదు కానీ, అలవాటు మాత్రం పాతదే. పెళ్లి సంబంధం వచ్చిందంటే ఏం చేస్తాం? వాకబు చేస్తాం. అబ్బాయి తండ్రిని అడగం, ఆయన ఏం చెబుతారో ముందే తెలుసు. ఆ వీధిలో ఉండేవాళ్లని, ఆ ఆఫీసులో పనిచేసే ఎవరో దూరపు తెలిసినవాళ్లని అడుగుతాం. ఒక్కరితో ఆగం, ఎందుకంటే ఆ ఒక్కరికీ ఆ ఇంటితో పాత గొడవ ఏదైనా ఉండొచ్చు. రెండు మూడు చోట్ల కనుక్కుని, అన్నీ కలిపి చూసుకుంటాం. ఇంత జాగ్రత్త తెలిసినవాళ్లం, రోజుకి తొమ్మిది గంటల చొప్పున ఏళ్ల తరబడి చేయబోయే ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి వాకబు వదిలేసి నేరుగా సిఫార్సుకి పోతాం. ‘అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా?’ అన్న ప్రశ్న మన ఇళ్లలో ఎప్పుడూ సిఫార్సు కోసమే. అదే మనిషి నుంచి అంతకంటే తేలిగ్గా, అంతకంటే ఎక్కువగా దొరికే సమాచారాన్ని ఎవరూ అడగరు.

జాబ్ డిస్క్రిప్షన్‌లో (జేడీలో) రాయని సంగతులు

ఫార్మసీ చదివినవాళ్లనే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫార్మసీ కాలేజీలకు కొదవలేదు. 2008 నుంచి ఆరేళ్ల ఫార్మ్‌డి కూడా వచ్చి చేరింది. పాశమైలారం, జీడిమెట్ల, జడ్చర్ల నుంచి విశాఖ పక్కన పరవాడ, శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం దాకా ఫ్యాక్టరీలున్నాయి. చదువయ్యాక కళ్లముందు కనిపించే దారులు ముఖ్యంగా మూడు: ఫార్మకోవిజిలెన్స్ (పొట్టిగా పీవీ), మందుల నాణ్యతను పరీక్షించే క్యూసీ ల్యాబ్, మందులకి ప్రభుత్వ అనుమతులు తెచ్చే రెగ్యులేటరీ. మూడింటి జాబ్ డిస్క్రిప్షన్లూ చదవండి. ‘వివరాల పట్ల శ్రద్ధ, టీమ్‌లో పనిచేసే గుణం, గడువులోగా పని పూర్తిచేసే సామర్థ్యం.’ కంపెనీ పేరు మూసేస్తే ఏది దేనిదో చెప్పడం కష్టం.

లోపలికి వెళితే మూడూ మూడు వేరే జీవితాలు. ఫార్మకోవిజిలెన్స్ అంటే మందు వాడినవాళ్లకు వచ్చిన దుష్ప్రభావాల సమాచారాన్ని సేకరించి, రాసి, ప్రభుత్వ సంస్థలకు పంపడం. ఒక కేసు చెల్లాలంటే నాలుగు ఉండాలి: గుర్తించదగిన రోగి, సమాచారం ఇచ్చిన మనిషి, అనుమానిస్తున్న మందు, జరిగిన ఇబ్బంది. ఈ నాలుగూ కంపెనీకి చేరిన రోజుని డే జీరో అంటారు. తీవ్రమైనదీ, ఆ మందు లేబుల్‌లో ముందే లేనిదీ అయితే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి 15 రోజుల్లో వెళ్లాలి. ఆ 15 పనిదినాలు కావు, క్యాలెండర్ రోజులు. మధ్యలో సంక్రాంతి వచ్చిందని అవి పద్దెనిమిది కావు. అందుకే ఈ టీముల్లో పండగ సెలవు ఎవరికి, డ్యూటీ ఎవరికి అన్నది పెద్ద విషయం. కొత్తగా చేరినవాళ్లు రోజంతా స్క్రీన్ ముందు కూర్చుని కేసుల్ని డేటాబేస్‌లో ఎక్కిస్తారు, ఇబ్బందికి సరైన వైద్య పదం వెతికి కోడ్ చేస్తారు, ఏం జరిగిందో నారేటివ్ రాస్తారు. ఇంగ్లీషులో పొట్టిగా, తప్పుల్లేకుండా రాయడం వచ్చినవాళ్లు నిలదొక్కుకుంటారు. ఈ చివరి మాట జేడీలో ‘మంచి కమ్యూనికేషన్ స్కిల్స్’ అని ఉంటుంది. దాన్ని చదివి అభ్యర్థులు గ్రూప్ డిస్కషన్‌కి తయారవుతారు, పాపం.

క్యూసీ కథ వేరు. అక్కడ షిఫ్టులు, ఊరి బయట ప్లాంటు, తెల్లవారుజామున కంపెనీ బస్సు. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద వరసగా శాంపిళ్లు పెట్టాక అది రాత్రంతా నడుస్తుంది. ఫలితం పరిమితి దాటి వస్తే దాన్ని ఓఓఎస్ అంటారు. అది ఎందుకు వచ్చిందో విచారణ పూర్తయ్యేదాకా ఎవరికీ కంటిమీద కునుకుండదు. కంప్యూటర్‌లో చేసిన ప్రతి మార్పూ ఆడిట్ ట్రయల్‌లో రికార్డవుతుంది కాబట్టి చేతితో చేసే పని ఎంత ముఖ్యమో, రాసే పనీ అంతే. ‘ఆడిట్ ఉంది’ అన్న రెండు మాటలు వినపడగానే సెలవులు రద్దు. ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు లోపాలు రాసిచ్చే కాగితాన్ని దాని నంబరుతో ఫోర్ ఎయిటీ త్రీ అనే పిలుస్తారు. ల్యాబ్‌లో ఆ అంకె పలికే తీరు వింటేనే టెన్షన్ ఎంతో అర్థమవుతుంది.

రెగ్యులేటరీ అనగానే చదువుకునే రోజుల్లో ఒక గౌరవం. ఎఫ్‌డీఏతో ఉత్తర ప్రత్యుత్తరాలు, పెద్ద పెద్ద ఫైళ్లు. ఆ ఫైలుకి ఐదు మాడ్యూళ్లుంటాయి, అందులో మూడోది మందు నాణ్యతకు సంబంధించింది. కొత్తవాళ్ల మొదటి రెండేళ్లు ఎక్కువగా ఆ మూడో మాడ్యూల్‌కి కావాల్సిన కాగితాల కోసం ప్లాంటు వెంట, ఆర్ అండ్ డీ వెంట పడటంలోనే గడుస్తాయి. ఫోన్‌లో మొహమాటం లేకుండా అడగగలిగేవాళ్లకి ఇది బాగా నప్పుతుంది, మౌనంగా తమ పని తాము చేసుకోవాలనుకునేవాళ్లకి నప్పదు. సిలబస్‌లో ఈ ముక్క ఉండదు.

ఈ సమాచారం లేకపోవడం వల్ల జేబుకి కూడా చిల్లు పడుతుంది. డిగ్రీ చేతికి రాగానే చాలామంది అమీర్‌పేట దారి పడతారు. ‘పీవీ కోర్సు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్న బోర్డులు చూసి ఫీజు కడతారు. ఇంకాస్త ముందుకెళ్లి, డబ్బు తీసుకుని ‘బ్యాక్‌డోర్’లో చేరుస్తామనేవాళ్ల చేతిలో పడేవాళ్లూ ఉన్నారు. కొన్ని కోర్సులు నిజంగా పనికొస్తాయి, కాదనలేం. కానీ ఏది పనికొస్తుందో చెప్పాల్సింది కోర్సు అమ్మేవాళ్లు కాదు. ఆ పనిలో ఉన్న ముగ్గురిని ‘మీ టీమ్‌లో ఈమధ్య చేరిన ఫ్రెషర్లు ఈ కోర్సు చేసి వచ్చారా?’ అని అడిగితే ఫీజు కట్టాలా వద్దా అన్నది తేలిపోతుంది.

ఎవరిని అడగాలి

మనవాళ్ల మొదటి ఆలోచన బంధువులు. బాబాయి కొడుకు, మేనత్త అల్లుడు. వాళ్లు కాదనరు, అది నిజమే. ఇబ్బంది ఏమిటంటే వాళ్లకు తెలిసింది చాలావరకు మనకూ తెలుసు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల మొదట్లోనే దీన్ని లెక్కలతో చూపించాడు. మసాచుసెట్స్‌లోని న్యూటన్ అనే ఊళ్లో, అప్పటికి కొద్దికాలంగా కొత్త ఉద్యోగాల్లో ఉన్న 282 మంది మగవాళ్లని అడిగాడు. అందరూ మేనేజర్లు, ఇంజనీర్లలాంటి చదువుకున్నవాళ్లే. వాళ్లలో 56 శాతం మందికి ఉద్యోగం సంగతి తెలిసినవాళ్ల ద్వారానే అందింది. ఆ తెలిసినవాళ్లని ఎంత తరచుగా కలుస్తుంటారని అడిగితే, వారానికి రెండుసార్లో అంతకంటే ఎక్కువో అన్నవాళ్లు 17 శాతం లోపే. దాదాపు 56 శాతం అప్పుడప్పుడు అన్నారు, 28 శాతం ఏడాదికి ఒకసారో, అదీ లేదో అన్నారు. 1973లో అచ్చయిన ఆయన వ్యాసం సామాజిక శాస్త్రంలో ఎక్కువగా ఉదహరించే వ్యాసాల్లో ఒకటి. అంతకుముందు 1969లో ఒక పేరున్న పత్రిక దాన్ని తిప్పి పంపింది.

అప్పటి ఒక్క ఊరి లెక్క ఇప్పుడు పనికొస్తుందా అన్న అనుమానం రావడం సహజం. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం దాన్ని చాలా పెద్ద ఎత్తున పరీక్షించింది. లింక్డ్‌ఇన్‌లో ‘వీళ్లు మీకు తెలిసి ఉండొచ్చు’ అని చూపించే జాబితాను 2015 నుంచి 2019 వరకు దాదాపు 2 కోట్ల మందికి రకరకాలుగా మార్చి చూపించి, తర్వాత ఎవరు ఉద్యోగాలు మారారో గమనించారు. గ్రానోవెటర్ చెప్పింది మొత్తంగా నిలబడింది, ఒక సవరణతో: మరీ ముక్కూమొహం తెలియనివాళ్ల కంటే, మరీ దగ్గరివాళ్ల కంటే, కాస్త దూరపు పరిచయాలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఇంకో ముక్క కూడా ఉంది. కంప్యూటర్ మీద ఎక్కువగా ఆధారపడే రంగాల్లో దూరపు పరిచయాల బలం ఎక్కువ, అలా కాని రంగాల్లో దగ్గరి పరిచయాలదే పైచేయి. దీన్ని ఫార్మాకి అన్వయించి చూస్తే, స్క్రీన్ ముందు సాగే ఫార్మకోవిజిలెన్స్‌కి లింక్డ్‌ఇన్ పరిచయం సరిపోవచ్చు. ప్లాంటు ఉద్యోగానికి అక్కడే పనిచేస్తున్న రూమ్‌మేట్ మాట ఇంకా గట్టిగా పనిచేయొచ్చు. అధ్యయనం ఫార్మా గురించి విడిగా ఏమీ చెప్పలేదు, ఇది ఊహే. కానీ ఆ పరిశ్రమ నడిచే తీరుకి సరిపోయే ఊహ.

హైదరాబాద్ మందుల పరిశ్రమ పుట్టుకే పరిచయాల మీద జరిగింది మరి. 1961లో కేంద్రం పెట్టిన మందుల కంపెనీ ఐడీపీఎల్‌కి బాలానగర్‌లో పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికి వచ్చి చుట్టుపక్కల సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ ప్రారంభించిన అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. ఇప్పటికీ ఈ రంగంలో ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినవాళ్లు పాత చోటి మనుషులతో ఫోన్లో ఉంటారు. కాబట్టి ఒక మనిషి దగ్గరికి వెళితే ఒక కంపెనీ గురించే కాదు, నాలుగు కంపెనీల గురించి తెలుస్తుంది.

పెద్ద హోదా ఉన్నవాళ్లనే అడగాలనుకోవడం ఒక పొరపాటు. వైస్ ప్రెసిడెంట్ ఫ్రెషర్‌గా చేరి పాతికేళ్లయింది. ఇప్పుడు ఫ్రెషర్‌ని ఏం అడుగుతున్నారో, రోజుకి ఎన్ని కేసులు ఇస్తున్నారో ఆయనకి తెలియదు. అదే కాలేజీలో రెండు మూడేళ్లు ముందు చదివిన సీనియర్‌కి తెలుసు. కాలేజీ వాట్సాప్ గ్రూపు, ప్రాజెక్టు గైడ్ పాత విద్యార్థులు, ఇంటర్న్‌షిప్‌లో కలిసినవాళ్లు, హాస్టల్‌లో పక్క గదిలో ఉన్న అక్క చెల్లెలి స్నేహితురాలు. వెతకాల్సింది ఇక్కడ. పై హోదావాళ్లని కలిసే అవకాశం వస్తే వదులుకోనక్కర్లేదు, కానీ వాళ్లని అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ పని ఐదేళ్ల తర్వాత ఎటు పోతుంది, సాఫ్ట్‌వేర్ ఎంతవరకు చేసేస్తుంది?

మెసేజ్, టైమ్, చోటు

మొదట చూసిన మెసేజ్‌ని ఇలా మార్చి చూద్దాం. “నమస్తే మేడమ్. నేను మీ కాలేజీలోనే ఈ ఏడాది ఎం.ఫార్మసీ పూర్తి చేశాను. పీవీకి వెళ్లాలా, క్యూసీకి వెళ్లాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మీరు క్యూసీలో రెండేళ్లు చేసి పీవీకి మారారని ప్రొఫైల్‌లో చూశాను. ఎందుకు మారారో, ఏం తేడా కనిపించిందో తెలుసుకోవాలని ఉంది. ఈ రెండు వారాల్లో మీకు వీలైనప్పుడు 20 నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? ఉద్యోగం కోసం అడగడం లేదు. వీలుకాకపోయినా ఫర్వాలేదు.” ఇంగ్లీషులో రాసినా ఇదే వరస. ఈ మెసేజ్ అడుగుతున్నది ఎవరో చెప్పింది, ఎందుకు ఈ మనిషినే అడుగుతున్నదో చెప్పింది, ఎంతసేపో చెప్పింది, కాదనడానికి దారి వదిలింది. రెజ్యూమే జతచేయలేదు. జతచేస్తే ‘ఉద్యోగం కోసం కాదు’ అన్న మాట అబద్ధమని అక్కడే తేలిపోతుంది.

ఇందులో బరువంతా మోసేది ‘క్యూసీ నుంచి పీవీకి మారారని చూశాను’ అన్న వాక్యం. దాన్ని కాపీ చేసి ఇంకొకరికి పంపడం కుదరదు. యాభై మందికి ఒకే మెసేజ్ పంపిన రోజు కంటే, ఐదుగురికి ఐదు మెసేజ్‌లు రాసిన రోజు ఎక్కువ పని జరిగినట్టు. పిలుపు విషయంలో ఒక్క మాట. సొంత కాలేజీ సీనియర్ అయితే ‘అన్నా’, ‘అక్కా’ నడుస్తుంది. ముందు పరిచయం లేనివాళ్లని ఆన్‌లైన్‌లో మొదటి వాక్యంలోనే ‘అన్నా’ అంటే కొందరికి చనువు ఎక్కువనిపిస్తుంది. ‘సర్’, ‘మేడమ్’తో మొదలుపెడితే, వాళ్లే తగ్గించుకోమంటారు.

ప్లాంటులో పనిచేసేవాళ్లకి పగలు ఫోన్ చేయడం వృథా. ప్రొడక్షన్ ఏరియాలోకి ఫోన్లు రానివ్వరు. గేటు దగ్గర కలుస్తామన్నా సెక్యూరిటీ ఒప్పుకోదు. వాళ్లకి నిజంగా ఖాళీ దొరికేది కంపెనీ బస్సులో. పాశమైలారం నుంచి కూకట్‌పల్లి వైపు వచ్చే సాయంత్రం బస్సులో గంట తేలిగ్గా గడుస్తుంది. సగంమంది నిద్రపోతారు, సగంమంది రీల్స్ చూస్తారు. ‘బస్సులో ఉన్నప్పుడు చేయనా సర్?’ అని అడిగితే ఆ పని ఎలా ఉంటుందో కొంత తెలిసినవాళ్లే అడుగుతున్నారని అవతలివాళ్లకి అర్థమవుతుంది. ఐటీ కారిడార్‌లో పీవీ ఆఫీసులవాళ్లయితే మధ్యాహ్నం భోజనం తర్వాతో, షిఫ్టు అయ్యాకో పక్కనే ఏ టీ కొట్టు దగ్గరైనా కలవొచ్చు. టీ డబ్బులు అడిగినవాళ్లే ఇవ్వాలి, ఇవ్వనివ్వరనుకోండి. అమ్మాయిలు పరిచయం లేనివాళ్లని కలిసేటప్పుడు ఫోన్ లేదా వీడియో కాల్ చాలు. ‘కలిస్తేనే చెబుతాను’ అని పట్టుబట్టేవాళ్ల దగ్గర సమాచారం లేదనుకుని వదిలేయడం మంచిది.

అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. కాదంటారేమోనన్న భయం. దీని మీద ఫ్లిన్, లేక్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో వరుస ప్రయోగాలు ప్రచురించారు. క్యాంపస్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లని చిన్న చిన్న సాయాలు అడగమని కొందరిని పంపారు. పంపేముందు, పని పూర్తికావడానికి ఎంతమందిని అడగాల్సి వస్తుందో ఊహించమన్నారు. వాళ్లు ఊహించినదాంట్లో దాదాపు సగం మందిని అడిగేసరికే పని అయిపోయింది. అయితే ఇది ఎదురుగా నిలబడి అడిగినప్పటి మాట. ఈమెయిల్‌లో అడిగేటప్పుడు లెక్క తారుమారవుతుందని 2017లో వచ్చిన ఇంకో అధ్యయనం చూపించింది. అక్కడ జనం తమకు వచ్చే ఒప్పుకోళ్లని ఎక్కువగా ఊహించుకుంటారు. అందుకే కాలేజీలో గెస్ట్ లెక్చర్ ఇవ్వడానికి వచ్చినవాళ్లని హాలు బయట పట్టుకోవడం, హైదరాబాద్‌లో జరిగే బయోఏషియా లాంటి సదస్సులకి వెళ్లే వీలుంటే వెళ్లడం, వంద కనెక్షన్ రిక్వెస్టుల కంటే నయం.

ఆ ఇరవై నిమిషాలు

తెలుగునాట ఎక్కువమంది అడిగే ప్రశ్న ‘సర్, ఈ ఫీల్డ్‌కి స్కోప్ ఉందా?’ ఇంతకంటే పనికిరాని ప్రశ్న లేదు. ‘ఉంది, కష్టపడాలి’ అన్న జవాబు తప్ప ఇంకేం చెబుతారు ఎవరైనా? దాని బదులు ‘నిన్న ఆఫీసుకి వెళ్లినప్పటి నుంచి ఇంటికి వచ్చేదాకా ఏం చేశారు?’ అని అడిగి చూడండి. నిన్న అనేది అబద్ధం చెప్పడానికి, గొప్పలు పోవడానికి వీల్లేని రోజు. పొద్దున్నే పన్నెండు కేసులు ఎలాట్ అయ్యాయనీ, మధ్యాహ్నం ఒకదాంట్లో రోగి వయసు లేదని ఫాలోఅప్ మెయిల్ పెట్టారనీ, సాయంత్రం క్వాలిటీ చెక్‌లో రెండు తిరిగి వచ్చాయనీ, ఎనిమిదింటికి లాగౌట్ అయ్యారనీ వాళ్ల నోటితోనే వస్తుంది. తిరిగి రావడం అంటే ఏమిటి, ఎన్ని తప్పులకి లెక్క తీస్తారు, అప్రైజల్‌లో అది పడుతుందా? ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

ముందుగా రాసిపెట్టుకోవాల్సిన ప్రశ్నలు నాలుగైదు చాలు. మీతో చేరినవాళ్లలో ఏడాదిలోపే మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? ఫ్రెషర్లు ఇంటర్వ్యూలో ఎక్కువగా ఎక్కడ తడబడతారు? చదువులో నేర్చుకున్నదేదీ ఇక్కడ వాడకపోవడం బాధగా ఉందా? మానేసినవాళ్ల గురించి అడిగే ప్రశ్న కాస్త ముల్లులా ఉంటుంది కానీ, అన్నిటికంటే ఎక్కువ సమాచారం రాబట్టేది అదే. జీతం సంగతి అడగొచ్చు. వాళ్ల జీతం కాదు. ‘ఇప్పుడు ఫ్రెషర్‌కి ఎంత నుంచి ఎంత ఇస్తున్నారు సర్, బాండ్ ఏమైనా ఉందా?’ అంటే నొచ్చుకోరు. సంభాషణ మొదట్లో కాదు, చివర్లో.

అడగకూడనివీ ఉన్నాయి. ఏ ప్రొడక్టు మీద పనిచేస్తున్నారు, పోయిన ఆడిట్‌లో ఏం దొరికింది, ఆ కేసులో రోగికి ఏమైంది? ఇవి కంపెనీ రహస్యాలు, కొన్ని రోగుల రహస్యాలు. అడిగినవాళ్ల అమాయకత్వం అవతలివాళ్లకి మాటల్లో కాకపోయినా ముఖంలో తెలిసిపోతుంది. ఇలాంటి ప్రశ్న వేసినవాళ్లని ఎవరూ తమ టీమ్‌కి చెప్పుకోరు.

ఇరవై నిమిషాలన్నాక ఇరవై నిమిషాలే. పంతొమ్మిదో నిమిషంలో ‘మీరు చెప్పిన టైమ్ అయిపోవచ్చింది మేడమ్’ అని గుర్తుచేస్తే చాలాసార్లు ‘ఫర్వాలేదు, ఇంకో పది నిమిషాలు మాట్లాడదాం’ అంటారు. ఆ పదిలోనే అసలు మాటలు బయటికి వస్తాయి. ఆఖరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ఇంకెవరితో మాట్లాడితే బావుంటుంది?’ ఒక పేరు దొరికితే రెండో మెసేజ్ మొదటిదానికంటే తేలిగ్గా రాయొచ్చు, ఎందుకంటే ఈసారి ‘ఫలానా మేడమ్ మీతో మాట్లాడమన్నారు’ అనే వాక్యం ఉంటుంది. పేరు దొరక్కపోతే అదీ ఒక సమాచారమే. మాట్లాడింది వాళ్లకి నచ్చి ఉండకపోవచ్చు, లేదా ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేకపోవచ్చు.

ఒకరి మాటే వేదం అనుకోకూడదు. అప్పుడే అప్రైజల్‌లో దెబ్బతిన్న మనిషి మొత్తం రంగాన్నే తిడతారు. కొత్తగా ప్రమోషన్ వచ్చిన మనిషికి అంతా స్వర్గంలా కనిపిస్తుంది. షిఫ్టుల గురించి ముగ్గురూ ఒకేమాట చెప్పి, మేనేజర్ల గురించి మూడు రకాలుగా చెప్పారంటే, షిఫ్టులు ఆ పనిలోనే ఉన్నాయని, మేనేజర్ల గొడవ ఆయా టీములదని తెలుస్తుంది. పుస్తకంలో ముగ్గురి మాటలూ పక్కపక్కన రాసుకుంటేనే ఇది కనిపిస్తుంది. ఫోన్ పెట్టేసిన అరగంటలో రాయకపోతే సగం ఎగిరిపోతుంది.

రిఫరల్ సంగతి

ఇంత చెప్పాక కూడా ఎవరి మనసులోనైనా ఉండే ప్రశ్న: మరి రిఫరల్ ఎప్పుడు అడగాలి? చాలా కంపెనీల్లో ఉద్యోగి సూచించిన మనిషి చేరితే ఆ ఉద్యోగికి బోనస్ ఇస్తారు. కాబట్టి రిఫర్ చేయడం వాళ్లకి నష్టమేమీ కాదు. వాళ్లు వెనకాడేది పరువు గురించి. తెలియని మనిషిని పంపి, ఆ మనిషి ఇంటర్వ్యూలో నోరు తెరవకపోతే మేనేజర్ ముందు తల దించుకోవాల్సి వస్తుంది. ఇరవై నిమిషాలు మాట్లాడాక ఆ మనిషి తెలియని మనిషి కాదు. అడగకుండానే ‘రెజ్యూమే పంపించు, చూద్దాం’ అనడం ఇందుకే జరుగుతుంది. అలా అనకపోతే ఆరోజు అడగొద్దు. తర్వాత నిజంగా ఖాళీ పడినప్పుడు, ఆ ఖాళీ నంబరుతో సహా రాసి, ‘ఈ పోస్టుకి సరిపోతానని మీకనిపిస్తే రిఫర్ చేయగలరా?’ అనొచ్చు. ఇంకో చిన్న సంగతి. కొన్ని కంపెనీల్లో ముందే సొంతంగా పోర్టల్‌లో దరఖాస్తు పెట్టేస్తే, కొన్ని నెలల దాకా ఎవరు రిఫర్ చేసినా చెల్లదు. సిస్టమ్ ‘ఇప్పటికే ఉంది’ అంటుంది. అందుకే నచ్చిన కంపెనీ విషయంలో అప్లై బటన్ నొక్కడం చివరి పని కావాలి.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న తెలుగు పిల్లలకి ఈ ఓపిక ఉండదు, అందుకు కారణమూ ఉంది. చదువయ్యాక అక్కడే కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి ఓపీటీ మీద ఉన్నప్పుడు ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకంటే ఎక్కువ ఉండకూడదు. సైన్స్, టెక్నాలజీ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలుస్తాయి. క్యాలెండర్ తరుముతుంటే ఎవరైనా వందమంది తెలుగువాళ్లకి ‘ప్లీజ్ రిఫర్’ అని పెడతారు. కానీ ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ అన్న మాటకి ఎవరూ ఆశ్చర్యపోని దేశం అదే. అక్కడ యూనివర్సిటీ కెరీర్ సెంటర్లే దీన్ని నేర్పుతాయి, పూర్వ విద్యార్థుల్ని కలుపుతాయి. ఈ మాటలు మొదలుపెట్టాల్సింది ఆ 90 రోజుల లెక్క మొదలయ్యాక కాదు, రెండో సెమిస్టర్‌లో. అప్పుడు అడిగేవాళ్లకి తొందర ఉండదు. తొందర లేని మనిషితో మాట్లాడటం అందరికీ హాయి.

ఈ పద్ధతి అందరికీ ఒకేలా అందుతుందనుకోవడం పొరపాటు. పేరున్న కాలేజీలో చదివిన అబ్బాయికి సీనియర్లు ప్రతి కంపెనీలో ఉంటారు. జిల్లా కేంద్రానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న కాలేజీలో, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన అమ్మాయికి ఆ జాబితా చిన్నది. అలాంటి చోట కాలేజీ చేయగల పని ఒకటుంది, ఖర్చులేనిది: పాత విద్యార్థులు ఎవరెక్కడ ఏ పనిలో ఉన్నారో ఒక రిజిస్టర్, వాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే. ప్లేస్‌మెంట్ సెల్ పేరుతో ఉన్న గదికి తాళం వేసి ఉంచే కాలేజీలు కూడా ఈ పని చేయగలవు. చేయించాల్సింది విద్యార్థులే.

మాట్లాడిన మర్నాడు థ్యాంక్స్ చెప్పడం అందరికీ తెలుసు. చాలామంది వదిలేసేది ఆ తర్వాతి మెసేజ్. రెండు నెలలయ్యాక, ఏమీ అడగకుండా, ఇలాంటిది: “మేడమ్, మీరు చెప్పినట్టు అచ్చయిన కేస్ రిపోర్టులు తీసుకుని రోజుకి రెండు నారేటివ్‌లు రాసి చూశాను. మొదటివారం ఒక్కోదానికి గంటన్నర పట్టింది, ఇప్పుడు నలభై నిమిషాలు. మీరు పేరు చెప్పిన సర్‌తో కూడా మాట్లాడాను, ఆయన క్యూసీ వైపు ఉన్నవి చెప్పారు. క్యూసీ వద్దని నిర్ణయించుకున్నాను. జీడిమెట్ల నుంచి వచ్చిన ఇంటర్వ్యూ కాల్‌కి వెళ్లలేదు, ఇంట్లో కాస్త గొడవైంది.”